సైడ్‌కారులో తిరువొత్తియూరు

చెన్నపట్నానికి ఉత్తరాన, సముద్రపుటొడ్డున ఉన్న తిరువొత్తియూరు మన తెలుగు కుటుంబాలకు రెండు విధాల పరిచయం. సంగీతం నేర్చిన ఇండ్లవారికి అది త్యాగరాజస్వామి తమ శిష్యుడు వీణ కుప్పయ్యర్ కోరికపై త్రిపురసుందరీదేవి మీద ఐదు తెలుగు కృతులు రచించిన క్షేత్రం. మోటారు పని తెలిసిన ఇండ్లవారికి అది బుల్లెట్టు బండి పుట్టినిల్లు. 1955లో మద్రాస్ మోటార్స్‌వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీవారితో పొత్తు కుదుర్చుకొని ఫ్యాక్టరీ పెట్టినది ఆ ఊళ్లోనే. మాకు ఈ రెండు పరిచయాలూ ఒకే ప్రయాణంలో కలిసివచ్చాయి.

అక్కడి గుడిలో ఆదిపురీశ్వరుడు పుట్టమట్టి లింగం. ఏడాది పొడుగునా కవచం కప్పి ఉంచుతారు. కార్తిక పౌర్ణమి మొదలు మూడు రోజులు మాత్రం కవచం తీసి, పునుగు సాంబ్రాణి తైలంతో అభిషేకం చేస్తారు. ఇక్కడ మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది తమిళుల కార్తిగై మాసంలో వచ్చే పౌర్ణమి. మన పంచాంగపు కార్తిక పౌర్ణమితో అది కొన్ని ఏండ్లు కలుస్తుంది, కొన్ని ఏండ్లు నెల వెనుకగా వస్తుంది. 2025లో మనది నవంబరు 5న అయిపోయినది. వారిది డిసెంబరు 4న వచ్చినది.

మా మేనత్తగారికి 78 ఏండ్లు. పెండ్లికి ముందెప్పుడో ఒకసారి కవచం లేని లింగాన్ని చూచారట. మళ్లీ చూడాలన్న కోరిక ఒక్కటే ఆమె నోట తరచు వింటూ ఉంటాము. నాలుగేండ్ల క్రిందట పడి కాలు విరిగినప్పటి నుండి ఆమెకు ఎడమ మోకాలు వంగదు. ఆటోలో ఆ కాలు పట్టదు. టాక్సీలో అడ్డంగా కూర్చుంటే అరగంటకే నడుము పట్టివేస్తుంది. ఆమెకు సుఖమైన వాహనం మా పాత బుల్లెట్టుకు తగిలించిన సైడ్‌కారు ఒక్కటే. పడకకుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు చాచుకొని, పెరంబూరు వీథులన్నీ పలకరించుకుంటూ పోతారు.

అటువంటి బండి నవంబరు ఆఖరు వారంలో మొరాయించింది. హారను జలుబు చేసిన గొంతులాగా మూలిగినది. హెడ్‌లైటు డబ్బా మీది ఆమీటరు ముల్లు, ఇంజను ఎంత వేగంగా తిరిగినా ప్లస్ వైపుకు కదలదు. బ్యాటరీ ఇవ్వడమేగాని పుచ్చుకోవడం లేదన్నమాట. కవచం తీసేందుకు వారం రోజులే ఉన్నవి.

చదువరులలో బండి సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంజను క్రాంకు కడ్డీ చివర ఒక అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది, అది రోటరు. దానిచుట్టూ కదలకుండా ఉండే రాగితీగ చుట్టలు స్టేటరు. రెండూ కలిసి ఆల్టర్నేటరు. తీగచుట్ట ప్రక్కన అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. అయితే ఈ విద్యుత్తు మజ్జిగ చిలికే కవ్వం వంటిది. అటూ ఇటూ తిరుగుతుంది. బ్యాటరీకి ఒకవైపు ప్రవాహమే పనికివస్తుంది. ఆ ఏర్పాటు చేసి, మోతాదు మించకుండా కాపలా కాసే డబ్బా రెక్టిఫయరు-రెగ్యులేటరు. కనుక ఛార్జి లేదంటే దోషం బ్యాటరీలో ఉండాలి, ఆ డబ్బాలో ఉండాలి, ఆల్టర్నేటరులో ఉండాలి, లేదా వీటిని కలిపే తీగలలో ఉండాలి. ఏది అని తేల్చకుండా అన్నీ మార్చడం రోగం తెలియకుండా మందులన్నీ మింగినట్టే.

ఆఫీసు నుండి వచ్చిన తరువాత మేము, మా పెద్దవాడు మీటరు పట్టుకొని కూర్చున్నాము. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనల మధ్య 14 వోల్టుల దాకా రావాలి. 12 దాటలేదు. బ్యాటరీని మరొక బండికి పెట్టి చూచాము. చక్కగా ఛార్జి పుచ్చుకొన్నది. స్టేటరు నుండి వచ్చే తీగల జోడు ఊడదీసి కొలిచాము. తీగకూ తీగకూ మధ్య దారి ఉన్నది, అది ఉండవలసినదే. తీగకూ బండి ఒంటికీ మధ్య దారి ఉండరాదు. ఒక తీగకు ఉన్నది. లోపల ఎక్కడో రాగి బయటపడి ఒంటికి తగులుతున్నదని అర్థమైనది.

ఇక్కడ మన దేశపు సైడ్‌కారుకు ఉన్న పెద్ద చిక్కు చెప్పాలి. మనము రోడ్డుకు ఎడమవైపున నడుస్తాము గనుక సైడ్‌కారును ఎడమవైపునే తగిలిస్తారు. ఈ పాత బుల్లెట్టులో ఆల్టర్నేటరు ఉండేది కూడ ఎడమవైపునే, ప్రైమరీ చెయిను కవరు లోపల. కనుక గుప్పెడంత వస్తువును చూడడానికి సైడ్‌కారంతా విప్పాలి. విప్పే ముందు ప్రతి బిగింపు దగ్గర గోళ్లరంగుతో గుర్తు పెట్టాము. సైడ్‌కారు చక్రం ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండాలి. ఆ లెక్క తప్పితే బండి ఒక ప్రక్కకు లాగుతుంది. తొట్టి క్రింద ఇటుకలు పేర్చి దాన్ని విడదీశాము. బ్యాటరీ తీగ ఊడదీసి, చెయిను కవరులోని నూనె పళ్లెంలోకి దించి, కాలిమెట్టు, బ్రేకు పెడలు తీసి, నడిమి నట్టు విప్పితే కవరు చేతికి వచ్చినది. స్టేటరు మూడు నట్ల మీద ఉన్నది. దాన్ని జాగ్రత్తగా వెనుకకు లాగగానే దోషం కంటికే కనపడినది. తీగలు బయటకు వచ్చే రంధ్రంలోని రబ్బరు బుష్ ఎండి రాయి అయినది. ముప్పై ఏండ్ల వేడికి, నూనెకు ఏ రబ్బరు నిలుస్తుంది? తీగ తొడుగు అంచుకు రాసుకొని చిట్లిపోయినది.

చుట్టలు కూడ చెడ్డవేమోనన్న అనుమానంతో మరునాడు స్టేటరును సంచిలో వేసుకొని పుదుప్పేటకు వెళ్లాము. ఎగ్మూరుకు దగ్గరగా, కూవం ఒడ్డున ఉన్న ఈ పేట పాత మోటారు సామాన్ల సంత. ఒక కొట్టు నిండా తలుపులు, ఒక కొట్టు నిండా సైలెన్సర్లు, ఒక కొట్టులో అద్దాలు మాత్రమే. నదికి ఆవల ఒడ్డున ఉన్నది చింతాద్రిపేట. 1734లో కుంఫిణీవారు సుంకురామ చెట్టి తోటలో నేతగాండ్ర కోసం కట్టించిన పేట. ఆ ఒడ్డున నూలు చుట్టిన చేతులు, ఈ ఒడ్డున రాగి చుట్టే చేతులు.

కాయిలు కట్టే పెద్దాయన ఒకరు స్టేటరును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచారు. తరువాత టెస్టు ల్యాంపు పెట్టి చూచారు. మేము తమిళంలో అడుగుతుంటే ఆయన తెలుగులో జవాబు చెప్పారు. "కాయిలు కాలలేదండీ. కాలిన కాయిలుకు వాసనే వేరే. తీగ తొడుగు పోయింది, అంతే. కొత్తది నేను అమ్మితే నాకు లాభం, మీకు దండుగ." వేడికీ నూనెకూ ఆగే తీగ, గాజునార గొట్టం, కొత్త బుష్ పొట్లం కట్టి ఇచ్చారు. తరువాత మనవాళ్లు అడిగే ప్రశ్న అడిగారు: "మీది ఏ ఊరు?" పెరంబూరు అన్నాము. "అది కాదండీ, పూర్వం?" నెల్లూరు వైపు అని పెద్దలు చెప్పేవారన్నాము. "మాదీ అటే. ఏ ఊరో మా తాతకే తెలీదు," అని నవ్వారు.

ఆ రాత్రి ఇంట్లోనే చెడిన తీగలను కత్తిరించి, కొత్తవి సోల్డరు చేసి, గొట్టం తొడిగి, చెయినుకు తగలకుండా దారంతో కట్టాము. ఎక్కించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసికోవాలి. రోటరు అయస్కాంతం గనుక ఇనుపరజను ఇట్టే అంటుకొంటుంది. గుడ్డతో శుభ్రంగా తుడవాలి. రోటరుకూ స్టేటరుకూ మధ్య చుట్టూ సమానమైన సందు ఉండాలి. విజిటింగ్ కార్డును సన్నగా చీల్చి సందులో పెట్టి చుట్టూ జరిపాము, ఎక్కడా పట్టలేదు. కవరు మూసి, నూనె పోసి, రెండు సరళమైన చెక్కలు చక్రాల వెంట పెట్టి కొలిచి సైడ్‌కారును గుర్తుల మీదికి తెచ్చాము. నడుమ వానలు రెండు సాయంత్రాలు మింగినవి. శుక్రవారం రాత్రి కిక్కు కొట్టి వేగం పెంచగా మీటరు 14.1 చూపినది; ఆమీటరు ముల్లు ప్లస్ వైపుకు లేచినది. వాకిట్లో కుర్చీ వేసుకొని చూస్తున్న మేనత్తగారు, "ముల్లు లేచింది సరే, నన్ను ఎప్పుడు లేపుతారు?" అన్నారు.

కవచం తీసి ఉండేది శనివారం రాత్రి వరకే. ఆ సాయంత్రం వ్యాసర్పాడి, కొరుక్కుపేట, తండయారుపేట మీదుగా వెళ్లాము. కొరుక్కుపేట రైలు గేటు దగ్గర ఇంజను ఆపవలసివచ్చినది. ఒక్క కిక్కుకే మళ్లీ అందుకొన్నది. తిరువొత్తియూరు హైరోడ్డు ఎక్కేసరికి సముద్రపు గాలి తగిలినది. ఆ రోడ్డున పుట్టి వెళ్లిన బండి ముప్పై ఏండ్లకు మళ్లీ అదే రోడ్డున పెద్దదిక్కును మోసుకొని వచ్చినది.

గుడి దగ్గర జనం చాల ఉన్నారు. మేమిద్దరం చెరొకవైపు పట్టుకోగా మేనత్తగారు మెల్లగా నడిచారు. వరుసలో గంటన్నర పట్టినది. సన్నిధిలో నిలిచే అవకాశం అరనిమిషమే. సాంబ్రాణి వాసన మధ్య నల్లని పుట్టలింగాన్ని చూచి ఆమె ఏమీ అనలేదు. బయటకు వచ్చి సైడ్‌కారులో కాళ్లు చాచుకొన్న తరువాత, కుప్పయ్యర్‌గారి ఊరికి త్యాగయ్యగారు ఇచ్చిన ఐదు పాటలలో తనకు వచ్చిన ఒకదాన్ని సన్నగా అందుకొన్నారు. చరణం మరచిపోయినచోట ఇంజను చప్పుడు పూరించినది.

వచ్చే ఏడు వెళ్లదలచినవారు తమిళ పంచాంగం చూచి తేదీ నిర్ణయించుకోవాలి. వృద్ధులు ఉంటే మొదటి రోజునే వెళ్లడం మంచిది. పాత బండి ఉన్నవారు వానలకు ముందే తీగకూ ఒంటికీ మధ్య ఒకసారి మీటరు పెట్టి చూచుకోవాలి. పది నిమిషాల పని.