మధ్యాహ్నం దాటని బ్యాటరీ

టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో తెలుగువాళ్ళకు వారాంతమంటే క్రికెట్, గుడి, ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు. మా బావమరిదికి మాత్రం చేపలు. పదిహేడు అడుగుల అల్యూమినియం బోటొకటి కొన్నాడు. శనివారం తెల్లవారకుండానే దాన్ని ట్రక్కుకు తగిలించుకుని లేక్ ఫోర్క్ పోతాడు. కొన్నాళ్ళుగా ఒకటే గోల: "పొద్దున బాగానే ఉంటుంది బావా, భోజనాల వేళకి మోటారు నీరసపడిపోతోంది." కొత్త బ్యాటరీలు కొనేస్తానంటే, ముందు అక్కడి వర్క్‌షాపులో చూపిద్దామని నేనూ ట్రక్కెక్కాను. చేపల మీద నాకు ఆసక్తి లేదు. బ్యాటరీల మీద ఉంది.

380వ నంబరు రోడ్డు మీద గ్రీన్‌విల్ దాకా వెళ్ళి, అక్కడ 69వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఎమరీ, ఆ తర్వాత ఆల్బా. చెరువు ఆ పక్కనే. చెరువని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు అడ్డంగా కట్టి 1980లో పూర్తిచేసిన పెద్ద జలాశయం అది. అడవిని చాలా మేర నరకకుండానే నీళ్ళు నింపారు. నీళ్ళలోంచి పైకి లేచిన ఆ మోడుల మధ్యే బాస్ చేపల కాపురం. టెక్సాస్‌లో గాలానికి పడ్డ అతి పెద్ద లార్జ్‌మౌత్ బాస్ 1992 జనవరిలో ఇక్కడే దొరికింది. 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు. పట్టిన బారీ సెయింట్ క్లెయిర్ ఆ రోజు వచ్చింది క్రాపీ అనే చిన్న చేపల కోసమట! 16 నుంచి 24 అంగుళాల లోపు బాస్‌ను పట్టినా నీళ్ళలోకి వదిలేయాలన్నది ఇక్కడి రూలు. అందుకే మా బావమరిది ఎంత వేటాడినా మా ఇంట్లో పులుసు వాసన రాదు.

ఈ బోట్లకు రెండు మోటార్లుంటాయి. వెనకనున్న పెట్రోలు ఇంజను చోటు దాకా తీసుకెళుతుంది. అక్కడ దాన్ని ఆపేసి, ముందు భాగంలో ఉన్న చిన్న కరెంటు మోటారును నీళ్ళలోకి దించుతారు. దాని పేరు ట్రోలింగ్ మోటారు. చప్పుడు లేకుండా, చేపలు బెదరకుండా, మోడుల మధ్య బోటును అడుగడుగునా జరుపుతుంది. 1934లో ఓ.జి. ష్మిట్ అనే ఆయన నార్త్ డకోటాలోని ఫార్గోలో పాత ఫోర్డు కారు స్టార్టర్ మోటారుతో దీన్ని తయారుచేశాడు. ఆ ఊరు మిన్నెసోటా సరిహద్దున ఉండడం వల్ల ఆయన కంపెనీకి మిన్ కోటా అని పేరొచ్చింది. రోజంతా చేపల వేట సాగాలంటే పనిచేయాల్సింది ఈ మోటారే. దానికి తిండి బ్యాటరీ.

వర్క్‌షాపంటే ఒక రేకుల షెడ్డు. నేలమీద వరసగా బ్యాటరీలు, గోడకు మేకుల నుంచి వేలాడే ప్రొపెల్లర్లు, మూలన మోటార్లు పరీక్షించడానికి నీళ్ళు నింపిన పెద్ద పీపా. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. మా వాడు కొత్త బ్యాటరీల ధర అడిగితే సమాధానం చెప్పలేదు. "పాతవాటి మూతలు తీయండి" అన్నాడు.

మన ఇళ్ళలో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసిన ప్రతివాళ్ళకూ ఈ దృశ్యం తెలుసు. జాతి కూడా అదే. కారు బ్యాటరీ ఒక్క క్షణం గట్టిగా కరెంటిచ్చి ఊరుకుంటుంది. ఇది గంటల తరబడి నెమ్మదిగా ఇవ్వాలి, అందుకే లోపలి ప్లేట్లు మందం. పెద్దాయన హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులోంచి యాసిడ్ పైకి లాగి, వెలుతురుకు ఎత్తి పట్టి చదివాడు. నిండుగా ఛార్జయిన సెల్లులో సాంద్రత 1.265 దగ్గర ఉండాలి. మొదటి బ్యాటరీలో అన్నీ కాస్త తక్కువగానే ఉన్నా, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. రెండోదాంట్లో నాలుగో సెల్లు దగ్గర తేలుడు గొట్టం బాగా కిందికి మునిగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే. "ఇది పోయింది" అన్నాడు, సానుభూతేమీ లేకుండా.

అప్పుడు అసలు ప్రశ్న వేశాడు: "ఛార్జింగ్ ఎప్పుడు పెడతారు?"

"శుక్రవారం రాత్రి. పొద్దున్నే బయల్దేరాలిగా" అన్నాడు మా వాడు.

పెద్దాయన మొహంలోకి వచ్చిన విసుగు చూడాల్సిందే. శనివారం సాయంత్రం సగం ఖాళీ అయి ఇంటికొచ్చిన బ్యాటరీ మళ్ళీ శుక్రవారం దాకా అలాగే పడుంటోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నంతసేపూ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, గట్టిపడినంత మేరా ఆ భాగం ఇక పనికి రాదు. పైగా మా వాడి ఛార్జరు బ్యాటరీకి ఐదు ఆంపియర్ల చొప్పున ఇచ్చేది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం ఖాళీ అయితే కాగితం మీదే పది గంటలు కావాలి. చివరి భాగం నత్తనడకన ఎక్కుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. రాత్రి తొమ్మిదికి పెట్టి తెల్లవారుజామున నాలుగింటికి పీకేస్తే అది నిండదు. అంటే నిండని బ్యాటరీతో చెరువులో దిగుతూ, భోజనాల వేళకి మోటారు నీరసపడిందని ఏడుస్తున్నాడన్నమాట.

మా వాడికి ఇంకో అపోహ కూడా ఉంది. అది చాలామందికి ఉంటుంది. రెండు బ్యాటరీలున్నాయి కాబట్టి రెట్టింపు సేపు రావాలని. అతని మోటారు 24 వోల్టులది, 80 పౌండ్ల తోపుడు బలం కలది. రెండూ సిరీస్‌లో ఉంటే వోల్టులు రెట్టింపవుతాయి గానీ ఆంపియర్ అవర్లు వందే. ఆ వంద కూడా ఇరవై గంటల పాటు ఐదేసి ఆంపియర్లు తీసుకుంటే వచ్చే వంద. ఈ మోటారు పూర్తి వేగంలో 56 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత జోరుగా లాగితే లెడ్ బ్యాటరీ తన పూర్తి కెపాసిటీ ఇవ్వదు. 1897లోనే పాయ్‌కెర్ట్ అనే జర్మన్ దీనికి సూత్రం కట్టాడు. ఆ లెక్కన పూర్తి వేగంలో కొత్త బ్యాటరీలైనా గంటకు కాస్త పైన, అంతే. సగానికి మించి ఖాళీ చేయకూడదన్న జాగ్రత్త కూడా పాటిస్తే ఆ గంటా ఉండదు.

పెద్దాయన మోటారును పీపాలో దించి, షాపు బ్యాటరీలకు కలిపి, తీగ చుట్టూ క్లాంప్ మీటరు పెట్టాడు. వేగం అంకె పదిలో ఉన్నప్పుడు మీటరు యాభై దాటింది. ఐదుకు తిప్పగానే పదిహేను లోపుకు పడిపోయింది. నీటిని తోసే పనికి కావాల్సిన శక్తి, వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగం చేస్తే ఖర్చు దాదాపు ఎనిమిదో వంతు. ఇంత ఆదా ఇది కొత్త రకం ఎలక్ట్రానిక్ కంట్రోలు కాబట్టే. ఐదు స్పీడుల పాత మోటార్లలో తక్కువ స్పీడు పెట్టినా మిగతా శక్తి కాయిల్లో వేడిగా పోతుంది, ఆదా అంతగా ఉండదు.

తర్వాత మా బోటు తీగలనే కలిపి మళ్ళీ నడిపాడు. బ్యాటరీ టెర్మినల్ దగ్గరొక కొలత, మోటారు ప్లగ్గు దగ్గరొక కొలత. మధ్యలో వోల్టుకు పైగా మాయం. "ఇక్కడ ముట్టుకోండి" అంటూ నా వేలిని తీగ చివరనున్న లగ్గు మీద పెట్టించాడు. చురుక్కుమంది. సన్నతీగ, దాని చివర తెల్లటి పూత పట్టిన వదులు బిగింపు. బ్యాటరీలోని కరెంటు బోటును తోయకుండా లగ్గును వేడెక్కిస్తోంది. మోటారు విప్పితే ప్రొపెల్లర్ వెనక నైలాన్ దారం ఉండచుట్టుకుని ఉంది. ఇంకొన్నాళ్ళుంటే సీలు కోసుకుపోయి మోటారులోకి నీళ్ళు దిగేవట.

లిథియం బ్యాటరీల సంగతి నేనే కదిపాను. ఆ బ్యాటరీల్లోని ఐరన్ ఫాస్ఫేట్ రసాయనాన్ని 1997లో ప్రకటించింది ఇదే రాష్ట్రంలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో. పాఢి, నంజుండస్వామి, గుడ్ఇనఫ్ రాసిన పత్రం అది. గుడ్ఇనఫ్‌కు 2019లో, 97 ఏళ్ళ వయసులో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీ దాదాపు చివరిదాకా వాడుకోవచ్చు, జోరుగా లాగినా కెపాసిటీ పెద్దగా తగ్గదు, లెడ్‌ది ముప్ఫై కిలోలుంటే ఇది పన్నెండు పదమూడు. కానీ వోల్టేజి చివరిదాకా ఒకేలా ఉండి, ఖాళీ కాగానే లోపలి సర్క్యూట్ టక్కున ఆపేస్తుంది. వోల్టుమీటరు చూసి అంచనా వేయడం కుదరదు. సున్నా డిగ్రీల లోపు ఛార్జ్ చేయకూడదు, ఇక్కడ జనవరి రాత్రులు అంత చల్లబడడం మామూలే. మూడు బ్యాటరీల 36 వోల్టుల బోటుతో వెళ్ళేవాళ్ళకు అది సరైన సరుకు అన్నాడు పెద్దాయన. మా వాడికి అవసరం లేదన్నాడు. అమ్ముకునే మనిషి అలా అనడం నాకు నచ్చింది.

చివరికి కొన్నవి: లెడ్ బ్యాటరీలే రెండు (జతలో ఒకటి పోతే పాతదాని పక్కన కొత్తది పెట్టకూడదు), బ్యాటరీకి పదిహేను ఆంపియర్ల ఛార్జరు, ఆరో గేజి రాగి తీగ. గాలి ఎదురుగా ఉన్నప్పుడు, బోటును ఒకేచోట నిలబెట్టే జీపీఎస్ మీట అస్తమానం వాడకుండా, మోడుకు తాడు కట్టుకోమని కూడా చెప్పాడు. ఆ మీట నొక్కితే మోటారు గాలితో ఆగకుండా కుస్తీ పడుతుంది మరి.

బోటున్న మనవాళ్ళెవరైనా పెద్ద బ్యాటరీ కొనే ముందు ఛార్జరు మీద రాసిన ఆంపియర్ల అంకె చదవండి, ఇంటికి రాగానే, బట్టలు మార్చుకోకముందే, ప్లగ్గు పెట్టండి.