సువాలి తీరాన తోకచుక్క

సూరత్ పేరు వినగానే మనకు జరీ చీరలూ, సానపట్టిన వజ్రాలూ స్ఫురిస్తాయి. ఆకాశాన్ని చూడడానికి అక్కడికి వెళ్ళేవారు అరుదు. ఉద్యోగరీత్యా హజీరా ప్రాంతంలో ఉంటున్న నేను మాత్రం 2024 అక్టోబరులో అందుకోసమే పలుమార్లు సువాలి తీరానికి వెళ్ళాను. కర్మాగారాల వరుస దాటిన పిమ్మట వచ్చే నల్లని ఇసుక తీరమది. 1612లో ఆంగ్లేయుల నౌకలు పోర్చుగీసు నౌకలతో తలపడినది ఆ జలాలలోనే. డుమస్ తీరమూ ఉన్నది గాని, అక్కడ టమాటా భజియాల అంగళ్ళు, జనసమ్మర్దం, వాటికి మించి దీపాలు.

సుచిన్‌షాన్-అట్లాస్ అనే ఆ తోకచుక్కను 2023లో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దూరదర్శిని కనుగొన్నాయి. 2024 సెప్టెంబరు 27న అది సూర్యునికి అతి సమీపంగా వచ్చి, అక్టోబరు 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో సాగిపోయింది. తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

అక్టోబరు 15న నాతో లింబాయత్ నుండి ఒక పెద్దాయన వచ్చారు. తెలంగాణ నుండి వలస వచ్చి మరమగ్గాల మధ్యనే తల నెరిసినవారు. సూర్యాస్తమయమైన కొంతసేపటికి పశ్చిమాన, శుక్రునికి కుడివైపు ఎత్తులో, పొడుగాటి తోకతో అది కనబడింది.

"సారూ, తోకచుక్క పొడిస్తే అరిష్టమంటరు గదా?" అన్నారాయన.

మంచూ ధూళీ కలిసిన ముద్ద అది, సూర్యుని వేడికి ఆవిరీ ధూళీ వెలువడి తోకగా సాగుతాయి, అన్నాను.

"అయితే మా మగ్గాల కాడ లేసే దుమ్ము లెక్కనే!" అన్నారు. అంతకంటె మంచి వివరణ నాకు తోచలేదు.

తోకచుక్క కాంతిని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. కాంతి తెలిసిన నక్షత్రాన్ని దుర్భిణిలో కావాలనే మసకబార్చి, తోకచుక్క తలంత పరిమాణానికి తెచ్చి, రెంటినీ పోల్చాలి. ఆ రాత్రి అది స్వాతి కంటె తక్కువ, ఉత్తర కిరీట మండలంలోని అల్ఫెక్కా కంటె ఎక్కువ.

నిజానికి నా ఆత్రుత ఆ కిరీటం గురించే. అర్ధవలయంలా అమరిన ఆ చిన్న మండలంలో రెండు విచిత్ర తారలున్నాయి. ఒకటి, ఆర్ కరోనే బొరియాలిస్, తన చుట్టూ తానే మసి మేఘాన్ని కమ్ముకుని ఉన్నట్టుండి మరుగవుతుంది. మసి గొట్టాలతో పనిచేసే మనకు అది కొత్త కాదు! రెండవది, టీ కరోనే బొరియాలిస్, మామూలుగా కంటికి ఆనదు. అక్కడ ఒక శ్వేత కుబ్జతార పక్కనున్న అరుణ మహాతార నుండి హైడ్రోజన్ లాగుకుంటూ ఉంటుంది. అది పేరుకుని ఒక్కసారి అణుజ్వాలగా మండినప్పుడు, కొద్ది రోజులపాటు అల్ఫెక్కాతో పోటీపడుతుంది. 1866లో, 1946లో అలా వెలిగింది. 2024లో మళ్ళీ వెలుగుతుందని పలువురు అంచనా వేశారు. 80 ఏళ్ళకొకసారి జరిగేది. ఏభై దాటిన నాకు మరో అవకాశం ఉండదు. ప్రతి రాత్రీ ముందు దానికేసి చూసి, పట్టికలో 'లేదు' అని వ్రాసుకున్నాను. పేలుడు ఏ రెండు రాత్రుల మధ్య మొదలైందో తేల్చేది అటువంటి 'లేదు'లే.

ఈ రెండు విద్యలూ ఎరిగిన వైణు బప్పు హైదరాబాదులో పెరిగినవారే. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. అక్కడే ఆయనకు చరకాంతి తారల పరిశీలన అలవడింది. 1949 జూలైలో, హార్వర్డులో విద్యార్థిగా ఉండగా, ఛాయాచిత్ర ఫలకంపై ఒక తోకచుక్కను పట్టుకున్నారు. నేటికీ అది బప్పు-బాక్-న్యూకిర్క్ పేరుతోనే ఉన్నది.

శరత్ పూర్ణిమ మరునాడు సూరతు వాసులు మేడలపై చేరి ఘారీ తింటూ 'చందీ పడ్వో' జరుపుకుంటారు. వారికి పండుగైన ఆ వెన్నెలే తోకచుక్కను కడిగివేసింది. 24వ తేదీకి చీకటి తిరిగి వచ్చింది గాని, హజీరా దీపాల వెలుగు మిగిలే ఉన్నది. ఫ్లేర్ మంట భద్రతకు అవసరం, కాదనను. ఆవరణ దీపాలకు పైమూత లేక వెలుగు ఆకాశానికి పోవడం మాత్రం కేవలం దుబారా.

ఆ రాత్రి పెద్దాయన మనుమణ్ణి వెంటబెట్టుకు వచ్చారు. వట్టి కంటికి ఏమీ లేదు. దుర్భిణిలో సర్పధారి మండలంలో ఒక చిన్న దూది పింజ. పిల్లవాడు చాలాసేపు దుర్భిణి ఇవ్వలేదు.