నలభై ఎనిమిదిలో సవారీ

యాభైకి దగ్గరపడ్డ భాయిలు ఏ బండి కొనాలని అడుగుతుంటారు. ఉమర్‌ని పక్కన పెట్టి, వారంలో ఎక్కడెక్కడ తిరుగుతారో, వెనక ఎవరు కూర్చుంటారో చూసి కొనండి అంటాను.

బుల్లెట్ షౌక్ నాకూ ఉంది. మా అబ్బాయిదైతే ఒకటే జిద్దు: "అబ్బా, క్లాసిక్ 350 తీసుకోండి." నౌపడా ఉప్పుమళ్ళ పక్కనుంచి భావనపాడు దాకా ఆ దడదడ చప్పుడుతో వస్తుంటే మజాయే, కాదనను. కానీ అది 195 కిలోలు. మా ఊరి ఇసుకలో స్టాండు దిగబడితే నడుమునొప్పి మనిషి ఒక్కడే లేపడం ముష్కిల్. స్ప్లెండర్ 112 కిలోలే.

అసలు సంగతి అమ్మీ. ఉద్దానం కిడ్నీ బీమారీ మా ఇంటినీ వదల్లేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్, పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి. అమ్మీ పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఫిస్టులా ఉన్న ఎడమ చేతిమీద బరువు పడకూడదు, కాబట్టి వెనక కడ్డీ పట్టుకోదు. కుడి చేత్తో నా భుజమే ఆధారం. అందుకే విడివిడి సీట్లు వద్దనుకున్నాను. పొడుగు సీటు, ఎక్కడానికి అందే ఎత్తు, కాలు పెట్టుకునే మెట్టు, బురఖా అంచు చక్రంలో చుట్టుకోకుండా శారీ గార్డు. షోరూములో ఇంజను సంగతి చివర్న అడిగాను. ముందు అమ్మీని తీసుకెళ్లి ఎక్కించి, దించి చూశాను. సేల్స్ కుర్రాడు నవ్వుకున్నాడు, నవ్వనీ.

స్ప్లెండరే తీసుకున్నాం. వచ్చేటప్పుడు నీరసంగా ఉంటుంది కాబట్టి అమ్మీని ఆటో ఎక్కిస్తాను. వెనకాలే ముప్పై స్పీడులో నేను. అబ్బాయి మాత్రం ఇంకా ముఖం మాడ్చుకునే తిరుగుతున్నాడు.