మంచం ఇచ్చాక మిగిలే పని

మెదక్ వచ్చినప్పుడల్లా మా చిన్నాయన నన్ను ఒకటే అడుగుతాడు: "అమెరికాల గూడ ఇల్లు లేనోళ్లు ఉంటరారా?" ఉంటారు చిన్నాయనా, చాలామంది ఉంటారు. అక్కడ ఏటా జనవరి చివర్లో ఒక రాత్రి లెక్క తీస్తారు. వలంటీర్లు చలికోట్లు తొడుక్కుని వంతెనల కిందికి, పార్కుల్లోకి, రైలుస్టేషన్లలోకి వెళ్తారు. షెల్టర్లలో ఉన్నవాళ్లనూ కలిపితే 2024లో ఆ లెక్క 7,71,480కి చేరింది. అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు.

నేను న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని ఓ చర్చి నేలమాళిగలో నడిచే షెల్టర్‌లో వారాంతపు రాత్రులు పనిచేస్తాను. ఆ నగరంలో అడిగినవాడికి పడక ఇచ్చి తీరాలి. రాబర్ట్ హేయెస్ అనే యువ న్యాయవాది 1979లో కోర్టుకెక్కడంతో వచ్చిన హక్కు అది. వీధుల్లో బతికే రాబర్ట్ కాలహన్ అనే మనిషి పేరు మీద దావా వేశారు. 1981 ఆగస్టులో నగరం ఒప్పందం మీద సంతకం పెట్టింది. అప్పటికే కాలహన్ వీధిలోనే చనిపోయాడు. మా షెల్టర్‌లో ఒక్కో మంచం సర్దుతున్నప్పుడు నాకు ఆయన గుర్తొస్తాడు.

దుప్పటి, వేడి సూప్, ఫోను చార్జింగుకు ఒక ప్లగ్గు - రాత్రికి ఇవి చాలు. అసలు పని తెల్లారాక మొదలవుతుంది. సబ్‌వేలో నిద్రపోతుంటే ఎవరో సంచి ఎత్తుకెళ్తారు. జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు అందులోనే పోతాయి. అవి లేకుండా ఉద్యోగం రాదు. ఒక కాగితం తీసుకోవాలంటే ఇంకొకటి చూపించాలి, రెండూ లేనివాడు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? వంటచేయగలిగినవాళ్లు, లారీ నడిపినవాళ్లు, చేతిపని వచ్చినవాళ్లు నెలల తరబడి ఈ చిక్కులో పడి ఉండటం చూశాను. 2015లో న్యూయార్క్ తన సొంత గుర్తింపు కార్డు తెచ్చినప్పుడు ఇల్లు లేనివాళ్లకూ వీలు కల్పించింది. ఆ కార్డు చేతికందిన రోజు మనిషి నిలబడే తీరే మారుతుంది. ఆ మార్పు చూడటం కోసమే నేను ఆ పనిలో ఉన్నాను.

మొన్న డిసెంబరులో మెదక్ వచ్చాను. క్రిస్మస్ రోజుల్లో మా ఊరు ఊరులా ఉండదు. ఎక్కడెక్కడినుంచో జనం చర్చికి వస్తారు. ఆ చర్చి కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో ఊళ్లు ఖాళీ అవుతుంటే, ఆకలితో వచ్చినవాళ్లకు కట్టడం పని ఇచ్చి తిండి పెట్టాడని పెద్దలు చెబుతారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. 175 అడుగుల గోపురాన్ని అందరూ తలెత్తి చూస్తారు, నాకు మాత్రం ఆ పదేళ్లే గొప్పగా కనిపిస్తాయి. ఒక పూట గంజి పోయడం ఎవరైనా చేస్తారు. నిలదొక్కుకునేదాకా మనిషికి పని చూపించడానికి ఏళ్లు పడుతుంది, ఓపిక కావాలి.

ఆ సందడిలోనే బస్టాండులో ఒక పెద్దాయన కలిశాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అచ్చం క్వీన్స్‌లో మావాళ్లు బూట్లు పెట్టుకున్నట్టే. వానలకు ఇల్లు కూలింది. కొడుకు పట్నంలో ఎక్కడున్నాడో తెలియదు. ఆధార్ కార్డు పోయింది, దానికి ఇచ్చిన ఫోను నంబరు కొడుకుది, అదిప్పుడు పలకదు. కార్డు లేక పింఛన్ లేదు. దరఖాస్తులో ఏ చిరునామా రాయాలని అడిగితే, "నాకు అడ్రసు ఏడిది బిడ్డా?" అన్నాడు.

మన దగ్గర నియమాలు లేకపోలేదు. 2010లో సుప్రీంకోర్టు నగరాల్లో ఇరవై నాలుగు గంటలూ, ఏడాది పొడవునా తెరిచి ఉండే షెల్టర్లు కావాలంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష జనాభాకు వందమందికి చోటు ఉండాలనీ, మనిషికి 50 చదరపు అడుగులు దక్కాలనీ చెప్పింది. షెల్టర్‌లో చేరినవాళ్లకు గుర్తింపు పత్రం, రేషన్, పింఛన్, బ్యాంకు ఖాతా వచ్చేలా చూడాలని కూడా రాసింది. ఆ చివరి వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యం. అయితే లక్షల లెక్కలో ఆలోచిస్తే మా ఊరు కళ్లకు ఆనదు. 2011 జనాభా లెక్కల్లో మెదక్ పట్టణానికి 44 వేల పైచిలుకు మంది. 2016 అక్టోబరు 11 నుంచి ఇది జిల్లా కేంద్రం, అయినా చిన్న ఊరే. ఇక్కడ జారిపడినవాడు చివరికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర తేలతాడు. అక్కడ అతను ఎవరికీ తెలియదు.

ఇక్కడైతే తెలుసు. న్యూయార్క్‌లో మేం ఎంత డబ్బు పెట్టినా దొరకనిది మెదక్‌లో ఊరికే దొరుకుతుంది. పెద్దాయన తన ఊరి పేరు చెప్పగానే పక్కన చాయ్ తాగుతున్న ఆటో డ్రైవరు, "మీది ఫలానా ఇంటోళ్లు గదా" అన్నాడు. మర్నాటికి ఆ ఊరి మాజీ వార్డు సభ్యుడు బండి మీద వచ్చాడు. ఏ పత్రమూ లేనివాళ్లను ఆ పనికి నియమించిన మనిషి పరిచయం చేస్తే నమోదు చేసే పద్ధతి ఆధార్‌లో మొదటినుంచీ ఉంది. పెద్దాయనకు అంతదాకా రాలేదు, ఒకప్పుడు నమోదైన మనిషే. కూలి చేసి అరిగిన వేళ్లను యంత్రం పట్టలేదు గానీ కంటిపాపను పట్టింది. కార్డు వచ్చింది. పింఛన్ దరఖాస్తు ఆ వార్డు సభ్యుడి ఇంటి చిరునామాతో పెట్టాం. ఇంకా మంజూరు కాలేదు.

అందుకే షెల్టర్లు పెద్ద నగరాలకే అనే మాట నేను ఒప్పుకోను. మనిషిని ఎరిగినవాళ్లు ఉన్నచోటే అతన్ని ఆపగలిగితే సగం పని అక్కడే అవుతుంది. నాతో బడిలో చదివినవాళ్లు కొందరు కలిశారు. బస్టాండుకు దగ్గర్లో అద్దెకు ఒక పాత ఇల్లు వెతుకుతున్నాం. ఆడవాళ్లకు వేరే గది, లోపలినుంచి గడియ ఉండాలి. ఒక్కొక్కరికి తాళం పడే పెట్టె కావాలి. జ్వరమొచ్చినవాణ్ని తెల్లారి ఆరింటికి బయటికి పంపకూడదు కాబట్టి పగలూ తెరిచే ఉంచాలి. మీసేవ పనులు, పింఛన్ దరఖాస్తులు తెలిసిన మనిషి ఒకరు రోజూ అక్కడ కూర్చోవాలి. ఆ మనిషి జీతం అమెరికాలో ఉన్నవాళ్లం పంపుతాం. ఇల్లు లేనివాళ్లను పెట్టుకుంటామంటే ఇద్దరు యజమానులు వెనక్కి తగ్గారు. మూడో ఆయన సంక్రాంతి వెళ్లాక రమ్మన్నాడు, చిన్నాయన వెళ్లి మాట్లాడతానన్నాడు.