అంకెలలో ఇద్దరాటగాండ్రు

మనదేశమున బంతియాట యనిన క్రికెటే తలపునకు వచ్చును. అమెరికావారికి బేసుబాలు అట్టిది. ఆ యాటనుండి విరమించిన యిద్దరు ప్రసిద్ధుల లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, వారిలో నెవరధికుడో తేల్చుకొనవలెనని మేము చిరకాలముగా ముచ్చటపడుచుంటిమి. ఆ లెక్క మాకు నేర్పిన సంగతులను చదువరులకు విన్నవింతుము.

మొదటివాడు బాస్టన్ రెడ్ సాక్సు జట్టున 1939 మొదలు 1960 వరకు నాడిన టెడ్ విలియమ్సు. రెండవవాడు న్యూయార్కు యాంకీసు జట్టున 1936 మొదలు 1951 వరకు నాడిన జో డిమాజియో. సఫలమైన దెబ్బలను, లెక్కకు వచ్చిన తరుణములచే భాగించిన సగటు తేలును. విలియమ్సు 7,706 తరుణములలో 2,654 దెబ్బలు కొట్టెను. అనగా వేయింటికి 344. డిమాజియో 6,821 తరుణములలో 2,214 కొట్టెను, వేయింటికి 325. హోం రన్నులు మొదటివానికి 521, రెండవవానికి 361. ఇంతటితో వివాదము ముగిసెనని తోచును.

కాని యంకెను దాని తావునుండి పెరికి చూచుట న్యాయము కాదు. డిమాజియో కుడిచేతివాటమువాడు. అతని సొంత మైదానమున నెడమమధ్యపు హద్దు 457 అడుగుల దూరమున నుండెను. అతని హోం రన్నులలో 148 మాత్రమే యచ్చట లభించినవి. తక్కిన 213 పరుల మైదానములందు లభించినవి. మఱియు నతడు తన యాటకాలమంతటిలో స్ట్రైకౌటయినది 369 మారులే. విలియమ్సునకు ఆ సంఖ్య 709.

విలియమ్సు పక్షమునను చెప్పవలసినది కలదు. చెడుబంతిని ముట్టక విడిచి, ‘వాక్’ పొంది మొదటి బేసు చేరుట యతనికి రెండువేలకు పైబడెను. డిమాజియోకు 790 మాత్రమే. పై సగటులో ఈ యోర్పునకు చోటే లేదు. 1943 మొదలు 1945 వరకు ఇరువురును సేనలో నుండిరి. విలియమ్సు 1952, 1953 సంవత్సరములలో కొరియా యుద్ధమునకై మరల నాటను వీడి, యుద్ధవిమానమును నడపెను.

1941వ సంవత్సరమున డిమాజియో వరుసగా 56 ఆటలలో ప్రతిదానియందును దెబ్బ సాధించెను. ఆ యేటనే విలియమ్సు సగటు వేయింటికి 406 అయ్యెను. అమెరికన్, నేషనల్ లీగులలో ఆ పిమ్మట 400 చేరినవాడు లేడు. తుదిదినమగు సెప్టెంబరు 28 ఉదయమున నతని సగటు 399.55, సవరించిన 400 అగును. కూర్చుండినను ఆ గౌరవము దక్కెడిదే. అతడట్లు చేయక, ఆనాటి రెండాటలను నాడి, 8 తరుణములలో 6 దెబ్బలు కొట్టెను. అయినను ఆ యేటి యుత్తమాటగాని బహుమానము డిమాజియోకే యిచ్చిరి. డిమాజియో జట్టు అతని కాలమున తొమ్మిదిమారులు వరల్డ్ సిరీసు గెలిచెను. విలియమ్సునకు ఒక్కమారైనను ఆ భాగ్యము కలుగలేదు.

బంతి కొట్టుటయందు విలియమ్సే మిన్నయని మా తీర్పు. జట్టునకు తోడ్పడుట మొదలగు తక్కిన గుణములను సగటుతో తూచజాలము. సోదర విద్యార్థులారా, ప్రగతిపత్రమందలి మార్కులును ఇట్టివే. అవి నిజమే చెప్పును గాని నిజమంతయు చెప్పవు. తలిదండ్రులు దానిని చేత బట్టినపుడు, ఆ యంకె యే మైదానమున సంపాదింపబడెనో కూడ నొక్కింత విచారింతురు గాక!