తాళం తిప్పేముందు: ఆటోనగర్‌లో మూడు రోజులు

ఇండియా ట్రిప్ అంటే మనలో చాలామందికి తిరుపతి దర్శనం, బంధువుల ఇళ్లు, చీరల కొట్లు, చివరి రోజు పచ్చళ్ల ప్యాకింగ్. 2024 సెప్టెంబరులో నాన్నగారి సంవత్సరీకానికి న్యూజెర్సీ నుంచి నేనొక్కడినే వెళ్లినప్పుడు మాత్రం మూడు రోజులు విజయవాడ ఆటోనగర్‌లో, గ్రీజు వాసనల మధ్య గడిపాను. నిజం చెప్పొద్దూ, ఆ ట్రిప్‌లో నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ మూడు రోజులే.

ఆ నెల 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతాన్ని ముంచేసిన దృశ్యాలు మీరూ టీవీల్లో చూసే ఉంటారు. అదే సమయంలో కృష్ణమ్మ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. మా బాబాయి ఇల్లు సింగ్ నగర్‌లోనే. ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఆయన లారీ ఉండేది. ఆరు సిలిండర్ల పాత డీజిల్ బండి. ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి అప్పు వాయిదాలు అన్నీ దాని మీదే. నీళ్లు తగ్గాక చూస్తే క్యాబిన్ తలుపు మీద సగం ఎత్తున బురద గీత ఉంది. సెల్ఫ్ కొడితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. దగ్గరలోని మెకానిక్ ఒకతను చూసి "ఇంజను పట్టేసింది, మొత్తం మళ్లీ కట్టించాల్సిందే, 3 లక్షల పైమాటే" అన్నాడట. బాబాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని పిన్ని చెప్పింది.

చివరికి బండిని ఇంకో లారీకి కట్టి ఆటోనగర్‌కి లాక్కొచ్చారు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆటోనగర్ అంటే లారీల కోసం కట్టిన ఊరు. ఒకచోట బాడీలు కడుతుంటారు, ఒకచోట కమాన్ కట్టలు బిగిస్తుంటారు, మరోచోట రేడియేటర్లు అతుకుతుంటారు. పక్కనే ఒకాయన నిచ్చెన మీద నిలబడి లారీ నుదుట దేవుడి పేరు రాస్తుంటాడు. ఈసారి ఆ వీధుల నిండా బురద గీతలున్న కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు వరసకట్టి ఉన్నాయి.

పెద్ద మేస్త్రికి అరవై ఏళ్లుంటాయి. బండి దగ్గరికి రాగానే ఆయన చేసిన మొదటి పని బ్యాటరీ వైరు పీకేయడం. "పని అయ్యేదాకా తాళం ఎవరూ తిప్పకూడదు" అన్నాడు. ఆ రాత్రి ఈ మాట ఫోనులో మా అబ్బాయికి చెబితే, "అదేంటి నాన్నా, ఏది పనిచేయకపోయినా ముందు రీస్టార్ట్ చేయమని నువ్వే చెబుతావుగా!" అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే. మా సాఫ్ట్‌వేర్ వైద్యంలో మొదటి మందు అదే మరి.

వాడికి చెప్పిందే పిల్లలందరికీ చెబుతాను. సైకిలు పంపుతో గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది కదా! డీజిల్ ఇంజనుకు ఆ వేడే ప్రాణం. పెట్రోలు ఇంజనులో ఉండే స్పార్క్ ప్లగ్గు ఇందులో ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే అదే అంటుకుంటుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజను తిరగబోతే పిస్టన్ వాటికి ఢీకొని ఆగిపోతుంది. దాన్ని కిందనుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మేస్త్రి మొదట ఆయిల్ గేజి లాగి చూశాడు. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది, అంటే నీళ్లు కలిశాయి. ఎయిర్ క్లీనరు తడిసి ముద్దయింది. డీజిల్ ట్యాంకు అడుగు మర విప్పితే ముందు నీళ్లే వచ్చాయి. డీజిల్ తేలిక కాబట్టి పైన తేలుతుంది. తర్వాత ఆరు ఇంజెక్టర్లూ ఊడదీయించి, ముందు పుల్లీకి పెద్ద స్పానరు వేసి చేత్తో మెల్లగా తిప్పించాడు. రంధ్రాల్లోంచి బురద నీళ్లు పిచికారీలా ఎగిరాయి. ఇంజను తిరిగింది! "పట్టెయ్యలేదయ్యా, నీళ్లు అడ్డుపడ్డాయి" అనగానే బాబాయి అక్కడే ఉన్న టైరు మీద కూలబడ్డాడు.

రెండో రోజు ఆయిలు, ఫిల్టర్లు మార్చి, సెల్ఫ్ మోటారు విప్పి ఆరబెట్టి, గేజి పెట్టి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చూశారు. ఐదు దాదాపు సమానంగా ఉన్నాయి. నాలుగోది మాత్రం బాగా తక్కువ.

అప్పుడు మేస్త్రి అడిగాడు. "నీళ్లు తగ్గాక మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు బండి అందుకుందా?" బాబాయి "లేదు, టక్ మని చప్పుడే" అన్నాడు. "అంతకుముందు ఎవరైనా కొట్టారా?" ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి ఎవరివైపూ చూడకుండా చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "కొట్టినా తప్పు లేదు, ఎవరైనా కొడతారు. కొట్టలేదంటే వాల్వులు సరిచేసి పంపిస్తాను. అందుకుని ఆగిందంటే హెడ్డు విప్పాలి. వంగిన రాడ్‌తో లోడెక్కితే దారిలో అది విరిగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. అప్పుడు ఇంజనూ ఉండదు, స్టీరింగు దగ్గరున్నవాడికీ ప్రమాదమే."

పదకొండేళ్లుగా ఆ స్టీరింగు పట్టుకున్న డ్రైవరు తల వంచుకున్నాడు. "నేనే కొట్టానండీ. మీకు చెప్పకుండా, ముందురోజు. ఒక్కసారి అందుకుని టక్కున ఆగిపోయింది. పని పోతుందని భయపడ్డాను."

హెడ్డు విప్పితే నాలుగో పిస్టన్ మిగతావాటికంటే 2 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతోంది. రాడ్ వంగింది. ఆ రాడ్, పిస్టన్, లైనర్, బేరింగులు, గ్యాస్కెట్లు మారిస్తే సరిపోయింది. మొదట చెప్పిన దాంట్లో మూడో వంతు ఖర్చు. మూడో రోజు సాయంత్రం బండి నల్లటి పొగ ఒక్కసారి వదిలి, తర్వాత గుడుగుడుమని నిలకడగా తిరిగింది. బాబాయి డ్రైవరుతో రోజంతా మాట్లాడలేదు. టీలు వచ్చినప్పుడు మాత్రం మొదటి గ్లాసు అతనికే అందించి, "ఏలూరు లోడు ఎల్లుండి" అన్నాడు.

మన దగ్గరా ఇది అక్కరకొచ్చే సంగతే. 2021 సెప్టెంబరు 1న ఇడా తుఫాను వానలకు న్యూజెర్సీ రోడ్ల మీద ఎన్ని కార్లు మునిగాయో చూశాం. పెట్రోలు కారుకైనా ఇదే సూత్రం. మునిగిన బండి తాళం తిప్పకండి, బ్యాటరీ వైరు తీయించి మెకానిక్‌ను పిలవండి. ఎవరైనా అప్పటికే తిప్పి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

ఈ కథంతా ఆ రాత్రి ఫోనులో చెబితే మా అబ్బాయి కాసేపు ఊరుకుని, "నాన్నా, నువ్వు ఊరెళ్లాక నీ ల్యాప్‌టాప్ మీద నేను జ్యూసు ఒలకబోశాను. తుడిచి, పవర్ బటన్ నొక్కాను" అన్నాడు.

కోపం నోటిదాకా వచ్చింది. మేస్త్రి గుర్తొచ్చి, "ఎన్నిసార్లు నొక్కావు నాన్నా?" అని మాత్రం అడిగాను.