మదనపల్లె గాలి, పుంగనూరు పొగ

వేసవిలో రాయలసీమ అంతా పెనంలా కాలుతున్నా, మదనపల్లెలో మాత్రం పొద్దు వాలేసరికి చల్లని గాలి వచ్చి పలకరిస్తుంది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన వున్న ఊరు మరి! ఈ గాలిని నమ్ముకునే మిషనరీలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పక్కనే ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి కట్టారు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు ఇక్కడి కళాశాలలో విడిది చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. ఇప్పుడు ఊరు పేరెత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది టొమాటో మండీ.

నేను మాత్రం ఠాగూరు కోసమూ వెళ్ళలేదు, టొమాటోల కోసమూ వెళ్ళలేదు. ఇద్దరు స్నేహితుల మధ్య నడిచిన పాత వాదమొకటి నన్ను అక్కడికి లాక్కుపోయింది. ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా గంజాయి కేసులే కనిపిస్తున్నాయి గదా! పట్టుబడ్డ పడుచువాళ్ళను అడిగితే, ‘అనుభవం కోసం’ అంటారట. అనుభవం అన్న మాట మీదనే ఆ ఇద్దరు స్నేహితులకూ పేచీ వచ్చింది.

వారిలో ఒకరు ఈ ఊళ్ళో పుట్టినవారు. 1895 మే నెలలో, రెవిన్యూ ఉద్యోగి జిడ్డు నారాయణయ్యగారికి ఎనిమిదో సంతానంగా జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన ఇల్లు ఇక్కడే వున్నది. జగద్గురువుగా తనను కూర్చోబెట్టాలని వెలిసిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసిన మనిషి ఆయన. రెండవవారు ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ. ఇద్దరూ కాలిఫోర్నియాలో స్నేహితులై, కలిసి నడకలకు వెళ్ళేవారు. కృష్ణమూర్తిని కలం పట్టమని ప్రోత్సహించినవారిలో హక్స్‌లీ ముఖ్యుడు.

1953 మే నెలలో హక్స్‌లీ ఒక వైద్యుడి సమక్షంలో, మెక్సికో ఎడారుల్లో పెరిగే ఒక జాతి బ్రహ్మజెముడులో వుండే మెస్కలిన్ అనే పదార్థాన్ని పుచ్చుకున్నాడు. మోతాదు గ్రాములో పదింట నాలుగు వంతులు మాత్రమే. కూజాలోని పూలు, కుర్చీ కాళ్ళు, తన పంట్లాము ముడతలు కూడా సృష్టి ఆరంభంలో వున్నంత కొత్తగా కనిపించాయట. ఆ సంగతంతా 1954లో పుస్తకంగా వేశాడు. చిత్రమేమంటే, అదే సంవత్సరం వెలువడిన కృష్ణమూర్తి గ్రంథానికి పీఠిక రాసింది కూడా హక్స్‌లీయే! 1963 నవంబరు 22న, చనిపోయే రోజున, తానే అడిగి ఎల్.ఎస్.డి. మందు ఇప్పించుకున్నాడు.

కృష్ణమూర్తి ఈ దారిని ఒప్పుకోలేదు. తరువాతి సంవత్సరాల్లో పాశ్చాత్య యువకులు పదేపదే అడిగినా ఆయన చెప్పిన దాని సారం ఒక్కటే: మందు చూపించేది, మనం లోపల మోసుకు తిరుగుతున్నదానినే. ఎవరి సంస్కారాన్ని బట్టి వారికి దర్శనాలు. మత్తు దిగాక మిగిలేది ఆ పాత మనస్సే. చెట్టును శ్రద్ధగా చూడగలిగినవాడికి మందుతో పనేమున్నది?

ఈ ప్రశ్నను వెంటబెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. దూడంత ఎత్తే వుండే పొట్టి ఆవులకు పేరుపడ్డ ఆ ఊరి పొలిమేరలో, ఒక మంటపం నీడన ముసలి బైరాగి చిలుం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“సామీ, ఇది తాగితే దేవుడు కనపడతాడా?” అన్నాను.

ఆయన నవ్వాడు. “నలబై ఏండ్లాయ నాయనా. దేవుడింకా కనపళ్ళేదు. మోకాళ్ళ నొప్పి మాత్రం కనపడకుండా పోతాది.”

హక్స్‌లీ పుస్తకం మొత్తానికీ ఇంత నిజాయితీ అయిన సమీక్ష నేను మరెక్కడా వినలేదు!

మనవాళ్ళకు ఈ మొక్క కొత్తది కాదు. ‘గంజాయివనంలో తులసిమొక్క’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. పుంగనూరు, కుప్పం ఆనాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఆ జిల్లాలోని జవ్వాది కొండల్లో సర్కారు లెక్కల ప్రకారమే గంజాయి పండేది. 1893లో తెల్లదొరలు ఒక విచారణ సంఘాన్ని వేశారు. అది వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడేవారికి పెద్ద హాని లేదనీ, అతిగా వాడితే హాని తప్పదనీ, పూర్తి నిషేధం తగదనీ చెప్పింది.

స్వతంత్ర భారతం 1985లో కఠినమైన చట్టం చేసింది. పూత కొమ్మలు గంజాయి, జిగురు చరస్, రెండూ నేరమే. కొమ్మలు లేని ఆకునూ గింజలనూ ఆ నిర్వచనంలో చేర్చలేదు. అందుకే ఉత్తరాదిన కొన్నిచోట్ల భంగు అమ్మకం సాగుతున్నది. కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు. 20 కిలోలకు మించితే పదేళ్ళకు తక్కువ కాకుండా శిక్ష. మెస్కలిన్, ఎల్.ఎస్.డి. కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. దిగులు జబ్బుకు ఇటువంటి మందులు పనికివస్తాయేమోనని లండన్‌లోనూ అమెరికాలోనూ వైద్యులు పరీక్షలు చేస్తున్నారు. కానీ అది ఆసుపత్రి గదిలో, మోతాదు తూచి, పక్కన మనిషిని పెట్టుకుని చేసే పని. హాస్టలు మేడమీద చేసే పని కాదు.

పలమనేరు మీదుగా కుప్పం చేరాను. ఆంధ్ర, తమిళ, కన్నడ దేశాల కూడలి అది. స్టేషన్లో నిలబడితే ఒకే నోట మూడు భాషలు వినిపిస్తాయి. బెంగుళూరు రైలు కోసం కూర్చున్న ఒక రైతు, నా చేతిలోని పుస్తకం చూసి మాట కలిపాడు. నేను వచ్చిన పని విని, కాసేపు మౌనంగా వుండి, గొంతు తగ్గించాడు.

“సార్, మీరు సదువుకున్నోళ్ళు. మా పిల్లోడు బెంగుళూర్లో ఇంజనీరింగు. ఆ పాడు అలవాటు పట్టుకునింది. నిద్ర లేదు, తిండి లేదు, గోడతో మాట్లాడతా ఉండాడు. ఇంట్లో పెట్టి జొరమని చెప్పుకుంటా ఉండాము. ఆస్పత్రికి తీస్కపోతే పోలీసులకు తెలుస్తాదని బయం.”

కృష్ణమూర్తీ హక్స్‌లీ వాదం ఆ క్షణంలో నాకు చాలా దూరంగా తోచింది. ఆయనకు కావలసింది తత్వం కాదు. నాకు తెలిసిన ఒకే ఒక్క పనికొచ్చే సంగతి చెప్పాను. అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ వున్నది. అలవాటుపడినవాడు తనంత తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, ప్రభుత్వ గుర్తింపు వున్నచోటగాని చికిత్సకు చేరితే, కొద్ది మోతాదు విషయంలో వాడిమీద కేసు నడపరు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. గోడతో మాట్లాడటం మొదలైందంటే మనోవైద్యుడికి చూపించటంలో ఆలస్యం పనికిరాదు. ఇటువంటి వారికి దారి చెప్పడానికి 14446 అని ఉచిత టెలిఫోను నంబరు వున్నది.

ఆయన ఆ అంకెలను రెండుసార్లు చెప్పించుకున్నాడు. “కేసు పెట్టరా సార్?” అని మూడుసార్లు అడిగాడు.

చట్టం శిక్షలు ప్రతివారికీ తెలుసు. అందులోని ఈ చిన్న తలుపు మాత్రం చాలామంది తండ్రులకు తెలియదు. ఏ మందు ఏ లోకం చూపిస్తుందన్న వాదం పండితులు తేల్చుకుంటారు. మన ఊళ్ళో, మన వీధిలో, ‘జ్వరం’ అని తలుపులు మూసిన ఇల్లు ఏదైనా వుంటే, ఈ సంగతి ముందు అక్కడికి చేరాలి.

రైలు వచ్చింది. “గదిలో వాడి సామానుంది, తెచ్చేసి రేపే ఆస్పత్రికి పోతాము,” అంటూ ఆయన ఎక్కాడు.